లాడ్జి దూదీ, కండక్టరమ్మ దూదీ

పరుపులు కుట్టే ఆ మనిషికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. కానీ ఆ పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. వీధి వీధంతా ఆయన్ని అంతాదేవుడు అనే అంటుంది. పక్క సందులోకి దారి అడిగినవాళ్లకి కూడా "అంతాదేవుడి కొట్టు దాటగానే కుడిపక్కకి తిరగండి" అని చెబుతారు. కొత్తవాళ్లు అదేదో గుడి అనుకుని తలెత్తి చూస్తే, గుమ్మం పక్కన నిలబెట్టిన పరుపులూ, వాటి వెనక కనుబొమల మీద దూది అంటుకుని తెల్లగా మెరిసిపోతున్న ఒక బక్కపలచటి మనిషీ కనిపిస్తారు.

ఆ పేరు రావడానికి కారణం ఆయన నోరే. ఏ మాట మొదలెట్టినా "ఉన్నదంతా దేవుడేనండీ" దగ్గరికి వచ్చి ఆగుతుంది. పైన ఎక్కడో కూర్చుని కిందికి చూసే దేవుడు కాదు. ఈ బల్ల, ఈ సూది, మీరు, నేను, ఆ రోడ్డు మీద పోయే స్కూటరు, అన్నీ కలిపి దేవుడు. అంతకు మించి వేరే ఎవరూ లేరు.

ఇది ఆయనకి ఏ గురువూ చెప్పలేదు. చిన్నతనంలో తండ్రి దగ్గర దూది ఏకే మిషను మీద పని నేర్చుకుంటున్నప్పుడు తట్టింది. బంగళావారి మెత్తటి పరుపు విప్పినా, రిక్షా తొక్కేవాడి చాపలాంటి పరుపు విప్పినా లోపల అవే గడ్డలు. మిషను నోట్లో వేస్తే రెండూ ఒకటే మబ్బులా బయటికి వచ్చేవి. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడి, గదంతా దూది నూగు తేలుతుంటే, ఆ కుర్రాడు నోరు వెళ్లబెట్టి చూస్తూ ఉండిపోయాడు. పరిగెత్తుకెళ్లి అక్కతో చెప్పాడు.

"అక్కా, అంతా ఒకటేనే!"

"ముందు ఆ కిటికీ మూసెయ్ రా. సరుకంతా బయటికి పోతోంది," అంది అక్క.

ఆ అక్క ఇప్పుడు మళ్లీ అదే కొట్టులో ఉంది. మొగుడు చనిపోయిన ఏడాదే పుట్టింటికి వచ్చి, కుట్టుమిషను ముందు కూర్చుంది. అప్పటినుంచీ పరుపుల గలీబులన్నీ ఆవిడ చేతి మీదుగానే పోతున్నాయి. తమ్ముడు దూది ఏకి, నింపి, దబ్బనంతో టాకాలు వేస్తాడు. అతను పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే అక్కే జవాబు చెబుతుంది, "పెళ్లికూతురు కూడా దేవుడే, పెళ్లికొడుకూ దేవుడే అంటాడు. దేవుడు దేవుణ్ణే చేసుకోవడం ఎందుకులే అని వదిలేశాం."

తమ్ముడి మతం ఆమెకి ఒక్క క్షణం కూడా రుచించలేదు. ఆవిడకి ఎదురుగా ఒకడు ఉండాలి. "నాకు దేవుడంటే నా ఎదురుగా నిలబడేవాడు. దణ్ణం పెట్టుకోవడానికైనా, దుమ్మెత్తి పోయడానికైనా. నువ్వు చెప్పేవాణ్ణి ఎటు తిరిగి తిట్టను రా? గోడని తిట్టనా?" అనేది. కొట్టుకి నల్లుల పరుపు వచ్చినప్పుడల్లా ఆవిడకి పండగే.

"కుట్టే నల్లి దేవుడు. కుట్టించుకున్నవాడు దేవుడు. దాన్ని ఎండలో పెట్టి మాడ్చేవాడివి నువ్వూ దేవుడివే. ఇందులో తప్పెవడిదో తేల్చి చెప్పు, అప్పుడు గలీబు కుడతాను."

"గలీబు కుట్టక్కా."

"కుట్టను. గలీబు కూడా దేవుడేగా, తనంతట తనే కుట్టుకుంటుంది."

అంతాదేవుడితో వాదించే ఇంకొకాయన లెక్కల మాస్టారు. ఉద్యోగం అయిపోయాక పొద్దున్నే ఈ కొట్టులో పేపరు చదవడం ఆయనకి ఉద్యోగమైంది. ఆయనకి దేవుడి మీద ప్రేమా లేదు, పగా లేదు, కాకపోతే లెక్క తప్పితే ఊరుకోడు.

"చూడవయ్యా అంతాదేవుడూ. ప్రపంచం అని ఒక మాట ఉంది. నువ్వు దాన్నే దేవుడు అంటున్నావు. అంటే ఉన్నదానికే రెండో పేరు పెట్టావు, అంతే. నేను ఈ బల్లని ఏనుగు అంటాను. తొండం వస్తుందా?"

అంతాదేవుడు టాకా లాగి ముడి వేసి, దారం పంటితో తెంపాడు. "మాస్టారూ, మీ మనవరాల్ని మీరేమని పిలుస్తారు?"

"బంగారం అంటాను."

"ఆ పిల్లకి కాళ్లూ చేతులూ ఉన్నాయి, ముక్కు కారుతూ ఉంటుంది. బంగారం ఎక్కడుంది? పేరు మారిస్తే పిల్ల మారదండీ. ఎత్తుకునే పద్ధతి మారుతుంది."

మాస్టారు కాసేపు టీ తాగాడు. "అది లెక్క కాదు," అన్నాడు చివరికి. కానీ మర్నాడు కూడా వచ్చాడు.

ఇలా మాటల మీద మాటలు దొర్లించుకుంటూ హాయిగా సాగిపోతున్న రోజుల్లో ఆ కొట్టుకి కండక్టరమ్మ పరుపు వచ్చింది.

సిటీబస్సులో టికెట్లు కొట్టే ఆవిడ. "ముందుకి జరగండి, ఫుట్‌బోర్డు మీద వేలాడకండి" అని ఆవిడ గొంతెత్తితే బస్సు చివర నిద్రపోయేవాడు కూడా లేచి నిలబడతాడు. ఆవిడ భర్త అదే బస్సుకి డ్రైవరు. ఈవిడ రెండు బెల్లులు కొడితేగాని ఆయన గేరు మార్చేవాడు కాదు. ఇంట్లో కూడా అంతేనని తోటి డ్రైవర్లు ఏడిపించేవాళ్లు. ఆయన పోయి కొన్ని నెలలైంది. ఇప్పుడు వేరే ఎవరో నడుపుతున్నారు, ఈవిడ బెల్లు కొడుతూనే ఉంది.

ఆటోలోంచి పరుపు దింపించి, భుజాన టికెట్ల సంచీతోనే లోపలికి వచ్చింది. ఆ రోజు ఆవిడ గొంతు గుమ్మం దాకా కూడా రాలేదు.

"అన్నగారూ, నడుం పట్టేస్తోంది. పరుపు గడ్డలు కట్టింది. ఏకి, కొత్తగా కుట్టివ్వాలి."

అంతాదేవుడు పరుపు పరిచి చూశాడు. నీలం చారల గలీబు. ఒక పక్క మామూలుగానే ఉంది. రెండో పక్క మనిషి ఆకారంలో గుంట పడి ఉంది. భుజం దగ్గర లోతు, నడుం దగ్గర తక్కువ. ఆయన దాని మీద చెయ్యి వేయబోయి తీసేశాడు.

"ఇది పోతుందమ్మా, ఏకితే," అన్నాడు.

"తెలుసండీ. పోతే పోనీండి. ఎన్నాళ్లని దాని అంచున పడుకోను? కానీ దూది మాత్రం ఇదే ఉండాలి. బయటిది ఒక్క పోగు కూడా కలపకండి. ఇందులోది ఒక్క పోగు కూడా పోనివ్వకండి. అంతే నేను అడిగేది."

"అలాగేనమ్మా. నాది పూచీ."

వెళ్లబోతూ ఆగింది. "మీరు అందరికీ చెబుతారట కదా, దేవుడి సంగతి. పోయినవాళ్లు ఎక్కడికి పోతారండీ?"

ఈ ప్రశ్న ఆయనకి కొత్త కాదు, జవాబు నాలుక చివరే ఉంది. "ఎక్కడికీ పోరమ్మా. ఉన్నదంతా దేవుడే అయినప్పుడు, పోవడానికి వేరే చోటంటూ ఏదీ?"

కండక్టరమ్మ ఆ మాటని బస్సులో చిల్లర చూసినట్టు ఒకసారి చూసింది. "ఎక్కడికీ పోకపోతే మరి ఇంటికి ఎందుకు రాడు?" అంది. అడిగి, జవాబు కోసం నిలబడకుండా డ్యూటీకి వెళ్లిపోయింది.

అంతాదేవుడికి ఆ రోజు భోజనం సయించలేదు. అక్క గమనించింది గాని, ఎగతాళి చెయ్యలేదు.

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది, తండ్రి నాటిది. పరుపు విప్పగానే దాని పాత గలీబు నుంచి ఒక పీలిక చింపి, పుల్లకి కట్టి, ఆ దూది గుట్టలో జెండాలా గుచ్చుతారు. ఒక ఇంటి దూది మిషనులో ఆడి, మిషను లోపలంతా చీపురుతో దులిపాకే ఇంకో ఇంటిది వేస్తారు. ఆ రోజు గదిలో రెండు గుట్టలున్నాయి. గోధుమరంగు గళ్ల పీలిక ఉన్నది బస్టాండు ఎదుటి లాడ్జిది. నీలం చారల పీలిక కండక్టరమ్మది. లాడ్జి దూది ముందు వేశాడు. మిషను గొంతు సవరించుకుని ఊపందుకుంది. సరిగ్గా అప్పుడే మాస్టారు, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, లోపలికి తొంగిచూశాడు.

"రాత్రంతా ఆలోచించానయ్యా! దొరికిపోయావు!" అని మిషను మోత మీద అరిచాడు. "అంతా ఒకటే అంటావు కదా. మరి ఈ గుట్టకి ఒక జెండా, ఆ గుట్టకి ఒక జెండా ఎందుకు? ఒకటైతే పీలికలెందుకు?"

అంతాదేవుడికి ఉత్సాహం ఆగలేదు. లాడ్జి గుట్టలోంచి ఒక గుప్పెడు, కండక్టరమ్మ గుట్టలోంచి ఒక గుప్పెడు తీసి మాస్టారి ముక్కు కింద పెట్టాడు. "పీలికలు మనకోసమండీ! దూదికి తెలుసా తను ఎవరిదో? చూసి చెప్పండి, ఏది ఎవరిది?"

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఇటు చూశాడు, అటు చూశాడు, వాసన కూడా చూశాడు. "చెప్పలేను," అన్నాడు.

"అదీ!" అని అంతాదేవుడు గెలిచినవాడిలా వెనక్కి తిరిగి, రెండు గుప్పెళ్లూ మిషను నోట్లో పడేశాడు.

అంతటితో ఆగినా ఎంతో కొంత సర్దుకునేదేమో. మాస్టారు ఇంకో ప్రశ్న వేశాడు, ఈయన ఇంకో జవాబు చెప్పాడు. నోరు దేవుడి దగ్గర ఉంది, చేతులు మాత్రం పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేస్తున్న పనే చేసుకుపోతున్నాయి. పుల్లలు ఎప్పుడో పడిపోయాయి. రెండు గుట్టలూ జారి ఒకదాని మీద ఒకటి వాలాయి. దగ్గరగా ఏది ఉంటే అది చేతుల్లోకి వస్తోంది, చేతుల్లోంచి మిషనులోకి పోతోంది. అక్క లాడ్జి పరుపు కొత్త గలీబు పట్టుకుని లోపలికి వచ్చి కెవ్వుమనేదాకా మాట తెగలేదు.

"ఒరే! ఆ కండక్టరమ్మ దూది ఏదిరా?"

మిషను ఆపాడు. గదిలో ఒకటే గుట్ట. పొద్దుటి మబ్బులా, తెల్లగా, మెత్తగా, ముట్టుకుంటే చెయ్యి లోపలికి పోయేలా ఉంది. అంత బాగా ఏకడం ఆయన జన్మలో ఎప్పుడూ కుదరలేదు.  మాస్టారు పేపరు కూడా మరిచిపోయి నెమ్మదిగా జారుకున్నాడు.

అంతాదేవుడు నేల మీద కూర్చున్నాడు. ఒక పోగు తీసి వెలుతురుకి పట్టి చూశాడు. పక్కన పెట్టాడు. ఇంకో పోగు తీశాడు. అక్క కాసేపు చూసి, చూడలేక, తనూ పక్కన కూలబడింది.

"లే. అది అయ్యే పనేనా? రెండు పాళ్లు చేసి రెండు గలీబుల్లో నింపు. లాడ్జివాడికేం తెలుస్తుంది, ఆ అమ్మాయికేం తెలుస్తుంది? ఆమెకి నడుం నొప్పి తగ్గుతుంది, మనసు కుదుటపడుతుంది. చెబితే రెండూ పోతాయి."

"తెలుస్తుందక్కా."

"ఎవరికి? దేవుడికా?" అక్కలో పాత అక్క ఒక్క క్షణం తల ఎత్తింది. "నా దేవుడైతే పైనుంచి చూసేవాడు రా, భయపడాలి. నీ దేవుడు దూదే కదా. దూది వెళ్లి చాడీలు చెబుతుందా?"

అంతాదేవుడు చేతిలోని పోగుని పళ్లెంలో పెట్టాడు. ముక్కు మీద వాలిన నూగు కూడా దులుపుకోలేదు.

"నాకు తెలుసు కదక్కా," అన్నాడు. "నీకూ తెలుసు. నీ దేవుడు చూడకపోతే, పోన్లే పాపం వేరే పనిలో ఉన్నాడని అనుకోవచ్చు. నేను చెప్పేదే నిజమైతే ఇంకెవరూ లేరు చూడ్డానికి. చూసింది నేనే. మరి నేను కళ్లు మూసుకుంటే ఇంకేం మిగులుతుంది?"

 ఇన్నేళ్లలో తమ్ముడి వాదానికి అక్క ఎదురు చెప్పకపోవడం అదే మొదలు. ఒప్పుకుని మాత్రం కాదు. వాడి మొహం చూసి.

కండక్టరమ్మ గుడ్డ తెస్తానని చెప్పిన రోజుకే వచ్చింది. నీలం చారల గలీబుకి బదులు తనే కొత్త గుడ్డ తెచ్చుకుంది, అది కూడా నీలం చారలే. అక్క స్టూలు వేసింది. అంతాదేవుడు నిలబడే ఉన్నాడు.

"అమ్మా, మీ దూది లాడ్జి దూదితో కలిసిపోయింది. నేనే కలిపేశాను. మాటల్లో పడి చూసుకోలేదు."

ఆవిడ అర్థం కానట్టు చూసింది. ఆయన లోపలి గది తలుపు తీసి గుట్ట చూపించాడు. పక్కనే చిన్న పళ్లెంలో, విడదీద్దామని వెతికిన నాలుగు పోగులు అలాగే ఉన్నాయి. ఆ పళ్లెం చూశాక ఆవిడకి అర్థమైంది.

ముందు నవ్వొచ్చింది ఆవిడకి. అది నవ్వో కాదో అక్క చెప్పలేకపోయింది. "లాడ్జా? లాడ్జి పరుపంటే ఆయనకి ఒళ్లు మండిపోయేది. పొరుగూరు డ్యూటీ పడితే బస్సు వెనక సీట్లో ముడుచుకుని పడుకునేవాడు గాని, లాడ్జి గుమ్మం తొక్కేవాడు కాదు. ఎవరెవరు పడుకున్నారో ఏంటో అనేవాడు." తర్వాత నవ్వు పోయింది. గొంతు బస్సులో గొంతైంది. "ఒక్క పోగు అన్నాను. ఒక్క పోగు! పూచీ నాది అన్నారు. చెప్పండి ఇప్పుడు. అంతా దేవుడే, లాడ్జీ దేవుడే అని చెప్పండి! అలాగేగా మీరు మాట్లాడేది?"

"ఇప్పుడు చెప్పనమ్మా."

"ఏం? మొన్న చెప్పారుగా!"

"మొన్న మీ దూది విడిగా ఉంది. చెప్పడం తేలికైంది."

వీధిలో ఒక స్కూటరు వెళ్లింది. అక్క టీ పెట్టడానికి లేవాలనుకుని, చప్పుడవుతుందని లేవలేదు.

"మీరు రెండు మాటలు చెప్పారమ్మా," అన్నాడు అంతాదేవుడు.  "బయటిది కలపొద్దు, మీది పోనివ్వొద్దు. మొదటిది నేను పాడుచేశాను, దాన్ని ఏ దేవుడూ బాగుచెయ్యలేడు. రెండోది ఇంకా ఉంది. మీ దూది ప్రతి పోగూ ఈ గుట్టలోనే ఉంది. దీంతో రెండు పరుపులవుతాయి. రెండూ మీరే తీసుకెళ్లండి. లాడ్జివాళ్లకి కొత్త దూదితో నేను వేరే కుట్టిస్తాను. అప్పుడు మీది ఒక్క పోగు కూడా బయటికి పోదు."

కండక్టరమ్మ గుట్ట దగ్గరికి వెళ్లింది. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, అలాగే ఉంచింది. టికెట్లు చింపీ చింపీ బొటనవేలి దగ్గర కాయ కాసిన చెయ్యి. అక్కడ ఏం వెతికిందో, ఏం దొరికిందో ఎవరికీ చెప్పలేదు. బయటికి తీసినప్పుడు చెయ్యంతా నూగు.

"నా మంచం ఒకటే," అంది.

"ఒకదాని మీద ఒకటి వేసుకోవచ్చు," అంది అక్క. కొట్టుకొచ్చినవాళ్లతో అంత మెత్తగా ఆమె మాట్లాడటం తమ్ముడు కూడా ఎరగడు. "రెండో గలీబు నేను కుడతా. అవే నీలం చారలు వెతికి పట్టుకొస్తాను."

 కండక్టరమ్మ అక్క పెట్టిచ్చిన టీ తాగింది. వెళ్లేముందు గుమ్మంలో తిరిగి, "లాడ్జిలో పడుకున్నవాళ్ల పోగులు కూడా ఉంటాయిగా ఇందులో," అంది తనలో తను అనుకున్నట్టు. "వాళ్లూ ఎక్కడెక్కడి వాళ్లో. సరే, మా ఆయన సర్దుకుంటాడులే. బస్సులో ఎంతమందిని ఎక్కించుకోలేదు."

రెండు పరుపులూ ఆటో మీద కట్టి పంపించారు. ఆ తర్వాత కొన్నాళ్లు అంతాదేవుడు దేవుడి మాటే ఎత్తలేదు. వీధికి బెంగ పట్టుకుంది. ఒంట్లో బాగాలేదేమోనని ఒకరిద్దరు పలకరించి కూడా వెళ్లారు. చివరికి మాస్టారే తెగించి పేపరు మడిచి అడిగాడు.

"ఇంతకీ నీ సిద్ధాంతం నిలిచిందా, పడిందా?"

అంతాదేవుడు మిషనులో దూది వేస్తూనే ఆలోచించాడు. "దూది ఒకటేనండీ. అది నేను వదలను. కానీ ఆవిడ దూది ఆవిడదే. అదీ వదల్లేను. రెండూ నిజమే అనిపిస్తోంది. ఎలాగో మాత్రం చెప్పలేను."

"రెండూ నిజం కాలేవు," అన్నాడు మాస్టారు. ఆయన మొహం వెలిగిపోయింది. "అలా ఎలా అవుతాయి? ఇటు చూడు..."

కుట్టుమిషను టక్కున ఆగింది. "ముందు స్విచ్చి కట్టెయ్," అంది అక్క, కత్తెర ఎత్తి తమ్ముడి వైపు చూపిస్తూ. "తర్వాత దేవుడు."

అది ఆ కొట్టులో కొత్త పద్ధతి అయింది. మిషను ఆడుతున్నంతసేపూ దేవుడి ఊసు లేదు. ఎవరైనా గుమ్మంలోంచి "అంతాదేవుడూ, ఒక మాట" అంటే చాలు, అక్క కత్తెర లేస్తుంది, తమ్ముడి చెయ్యి స్విచ్చి మీదికి పోతుంది. వ్యాపారం కొంచెం మందగించింది. దూది ఎవరిది వాళ్లకే వెళుతోంది.

సెలవు రోజున ఒక పొద్దున కండక్టరమ్మ వచ్చింది. మిషను ఆడుతోంది. ఆమెని చూడగానే, ఎవరూ చెప్పకుండానే, అంతాదేవుడు దాన్ని ఆపేశాడు.

"నడుం ఎలా ఉందమ్మా?"

"నడుం బాగానే ఉంది. మంచమే ఎత్తైపోయింది. స్టూలు వేసుకుని ఎక్కుతున్నాను, బస్సు ఎక్కినట్టు." స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ రోజు ఒకటి అడిగాను. ఎక్కడికీ పోకపోతే ఇంటికి ఎందుకు రాడని. జవాబు దొరికిందా?"

"లేదమ్మా," అన్నాడు ఆయన. "వెతుకుతున్నాను."

ఆవిడ తల ఊపింది. ఆ జవాబుకి ఆమె మొహంలో ఏదో సడలింది. సంచీ భుజం మీదనుంచి తీసి కింద పెట్టింది. ఈ కొట్టులో ఆమె సంచీ కింద పెట్టడం అదే మొదటిసారి.

"అయితే వెతకండి. సెలవు రోజున వచ్చి కనుక్కుంటుంటాను," అంది. "టీ ఉందా అక్కా?"

అక్క అప్పటికే పొయ్యి దగ్గర ఉంది.